షేర్ ఆటో, క్యాబ్, బైక్ ట్యాక్సీల గురించి బస్సు, మెట్రో ప్రయాణికులు ఏమనుకుంటున్నారు: తరచుగా అడిగే ప్రశ్నలు

హైదరాబాదులో సిటీ బస్సు, మెట్రో, ఎంఎంటీఎస్ రైలు మీద ఆధారపడి ఉద్యోగానికో చదువుకో వెళ్లేవారు షేర్ ఆటోను, యాప్‌లో పిలిచే క్యాబ్‌ను, బైక్ ట్యాక్సీని ఏ దృష్టితో చూస్తారు, ఎప్పుడు ఎక్కుతారు, ఎక్కడ విసుగు చెందుతారు అన్న విషయం మీద తరచుగా వచ్చే ప్రశ్నలకు ఇక్కడ సమాధానాలు ఇస్తున్నాను. నేను కూడా సొంత బండి లేని ప్రయాణికుణ్ణే. కాబట్టి చట్టం, చార్జీల వివరాలతోపాటు బస్టాపులో నిలబడి చూసిన సంగతులు కూడా ఇందులో ఉంటాయి.

షేర్డ్ సేవలు అంటే ఏయే వాహనాలు ఆ లెక్కలోకి వస్తాయి?

వాహనాన్ని పంచుకోవడంలో రెండు పద్ధతులున్నాయి. ఒకరికొకరు తెలియని నలుగురు ఒకే సమయంలో ఒకే బండి ఎక్కి ఎవరి చార్జీ వారు ఇచ్చుకోవడం మొదటి పద్ధతి. షేర్ ఆటో, ఒకప్పటి పూలింగ్ క్యాబ్ దీని కిందికి వస్తాయి. ఒకే బండిని ఒకరి తర్వాత ఒకరు వాడుకోవడం రెండో పద్ధతి. యాప్‌లో పిలిచే ఆటో, క్యాబ్, బైక్ ట్యాక్సీ, గంటల లెక్కన అద్దెకిచ్చే స్కూటర్, సైకిల్ ఈ కోవలోవి. ప్రణాళికలు వేసేవారు రెంటినీ కలిపి షేర్డ్ మొబిలిటీ అంటున్నారు గాని, ప్రయాణికుల నోట "షేరింగ్" అంటే మొదటి రకమే. "షేరింగ్‌లో పోదామా, బుక్ చేద్దామా?" అని హైదరాబాదులో అడిగితే, ఒకదానికి ఇరవై రూపాయల నోటు చాలునని, రెండోదానికి వంద దాకా పోతుందని వినేవారికి వెంటనే అర్థమవుతుంది. విశాఖపట్నంలో షేర్ ఆటోను సర్వీస్ ఆటో అంటారు. బస్సు సర్వీసులాగే అదీ ఒక సర్వీసు అన్న భావన ఆ పేరులోనే ఉంది.

బస్సు, మెట్రో ప్రయాణికులు ఈ సేవలను ప్రజా రవాణాకు పోటీగా చూస్తారా, తోడుగా చూస్తారా?

ఈ ప్రశ్న ఎన్నిసార్లు వేసినా తిన్నని జవాబు రాదు. ఎందుకంటే లెక్కపెట్టే తీరులోనే తేడా ఉంది. ఆర్టీసీ ప్రయాణాన్ని స్టాపు నుంచి స్టాపు వరకు లెక్కపెడుతుంది, మెట్రో స్టేషన్ నుంచి స్టేషన్ వరకు లెక్కపెడుతుంది, యాప్ కంపెనీ బండి ఎక్కిన చోటు నుంచి దిగిన చోటు వరకు లెక్కపెడుతుంది. ప్రయాణికుడు మాత్రం ఇంటి గడప దాటిన దగ్గర నుంచి ఆఫీసు కుర్చీలో కూర్చునే దాకా ఒకే ప్రయాణంగా లెక్కపెట్టుకుంటాడు.

బోడుప్పల్ లోపలి కాలనీలో ఉంటూ గచ్చిబౌలిలో పనిచేసే ఒక ఉద్యోగినిని ఊహించుకుందాం. ఆమె కాలనీ చివర షేర్ ఆటో ఎక్కి ఉప్పల్ స్టేషన్‌కు వస్తుంది, మెట్రోలో రాయదుర్గం దాకా వెళ్తుంది, అక్కడ దిగి మళ్లీ షేర్ ఆటో ఎక్కుతుంది. ఆమె దృష్టిలో ఆ రెండు ఆటోలూ మెట్రోకు పోటీ కావు, మెట్రోలో భాగమే. అవి లేకపోతే ఆమె మెట్రో ఎక్కే మనిషే కాదు, స్కూటీ కొనుక్కునే మనిషి. అదే ఉద్యోగిని ఆదివారం ఇద్దరు పిల్లలతో, చేతి సంచులతో మెహిదీపట్నంలో బంధువుల ఇంటికి బయలుదేరితే రెండు బస్సులు మారే ఓపిక లేక క్యాబ్ పిలుస్తుంది. అప్పుడు ఆ క్యాబ్ బస్సు ప్రయాణికురాలిని తీసుకుపోయినట్టే. మనిషి ఒక్కరే, వారమూ ఒక్కటే. కాబట్టి "ఈ సేవ పోటీయా, తోడా?" అన్న ప్రశ్నను మనిషిని కాక ఒక్కో ప్రయాణాన్ని పట్టుకుని అడగాలి.

నేను గమనించినంతలో ఆ ప్రయాణాన్ని అటో ఇటో తిప్పేది చార్జీ కంటే ఎక్కువగా అనిశ్చితి. 10హెచ్ బస్సు ఇరవై నిమిషాల్లో వస్తుందని గట్టిగా తెలిస్తే ప్రయాణికులు నిలబడతారు. ఎప్పుడొస్తుందో తెలియకపోతే పది నిమిషాలకే ఎదురుగా వచ్చిన షేర్ ఆటోకు చెయ్యెత్తుతారు. ఆర్టీసీ 2023 ఆగస్టులో బస్సు ఎక్కడుందో చూపించే "గమ్యం" యాప్‌ను ప్రారంభించింది. అటువంటి సమాచారం ఎంత నమ్మకంగా అందితే అంతమంది బస్టాపులో నిలుస్తారన్నది నా గట్టి అభిప్రాయం.

మెట్రో టికెట్ కంటే స్టేషన్ నుంచి ఇంటికి వెళ్లే ఆటోకే ఎక్కువ అవుతోందని చాలామంది ఎందుకు అంటారు?

అది నిజం కాబట్టి అంటారు. హైదరాబాద్ మెట్రో 2017 నవంబరు 28న మియాపూర్‌లో ప్రారంభమైంది. 2020 ఫిబ్రవరిలో జూబ్లీ బస్ స్టేషన్ (జేబీఎస్)–మహాత్మా గాంధీ బస్ స్టేషన్ (ఎంజీబీఎస్) మార్గం కూడా తెరుచుకోవడంతో మూడు కారిడార్లలో 69 కిలోమీటర్లు, 57 స్టేషన్లతో మొదటి దశ పూర్తయింది. 2025 మే నెలలో చార్జీలు సవరించినప్పుడు తగ్గింపు పోను కనిష్ఠ చార్జీ 11 రూపాయలు, గరిష్ఠ చార్జీ 69 రూపాయలుగా నిలిచాయి. అంటే నగరాన్ని నాగోల్ నుంచి రాయదుర్గం దాకా, ఈ చివర నుంచి ఆ చివరకు చల్లని పెట్టెలో దాటించినా 69 రూపాయలు మించలేదు. స్టేషన్ దిగాక రెండు మూడు కిలోమీటర్ల దూరంలో ఉన్న ఇంటికి ఆటో మాట్లాడుకుంటే అంతకు మించి అడిగేవారు ఉంటారు.

మీటరు చార్జీ ఇంత ఉండదు. 2014లో సవరించిన రేట్ల ప్రకారం మొదటి 1.6 కిలోమీటర్లకు 20 రూపాయలు, ఆపైన కిలోమీటరుకు 11 రూపాయలు. ఆ లెక్కన మూడు కిలోమీటర్లకు 36 రూపాయల లోపే అవుతుంది. అయితే ఇంధనం ధర, బండి ధర, ఫైనాన్స్ వాయిదా పెరుగుతూ పోతున్నా ఆ అంకె ఏళ్ల తరబడి కదలలేదు. దాంతో డ్రైవర్లు మీటరు వెయ్యడం మానేశారు, ప్రయాణికులు అడగడం మానేశారు. చార్జీ బేరం మీదికి, ఆ తర్వాత యాప్ మీదికి వెళ్లిపోయింది. ఈ విషయంలో తప్పు డ్రైవర్ల మీదికే నెట్టడం న్యాయం కాదు. ఎవరూ పాటించలేని రేటును కాగితం మీద ఉంచి, ప్రయాణికుడికి ఏ రేటూ లేకుండా చేయడం అసలు లోపం.

నెలకు ఇరవై ఐదు రోజులు రాకపోకలకు ఈ చివరి రెండు కిలోమీటర్ల ఖర్చు లెక్కేసుకున్న ప్రయాణికుడు కొంతకాలానికి పాత బైకు కొంటాడు. మెట్రో ఆ ప్రయాణికుణ్ణి పోగొట్టుకున్నది రైలు పెట్టెలో కాదు, స్టేషన్ మెట్ల కింద.

షేర్ ఆటోలో వెళ్లడం చట్టబద్ధమేనా? కాకపోతే ప్రయాణికులు దానినే ఎందుకు నమ్ముకున్నారు?

1988 మోటారు వాహనాల చట్టం ప్రయాణికుల వాహనాలను ప్రధానంగా రెండు రకాలుగా చూస్తుంది. బస్సులాగా దారిలో ఎక్కించుకుంటూ, దించుతూ, మనిషికింతని చార్జీ తీసుకునేది స్టేజ్ క్యారేజ్. ఒకరో ఒక బృందమో మొత్తం బండిని మాట్లాడుకుని వెళ్లేది కాంట్రాక్ట్ క్యారేజ్. ఆటోకు ఉన్నది రెండో రకం పర్మిట్. డ్రైవరు కాక ముగ్గురికే అనుమతి. కాబట్టి దారి పొడవునా మనుషులను ఎక్కించుకుంటూ తలా ఇరవై రూపాయలు తీసుకోవడం ఆ పర్మిట్ షరతులకు విరుద్ధం. నగరంలో వేలమంది రోజూ చేసే ప్రయాణం కాగితం మీద లేని ప్రయాణమన్నమాట.

ఉదయం తొమ్మిది గంటలకు రాయదుర్గం స్టేషన్ మెట్లు దిగితే ఈ ప్రయాణం ఎలా ఉంటుందో కనిపిస్తుంది. "బయోడైవర్సిటీ, గచ్చిబౌలి, గచ్చిబౌలి" అని పిలుపు వినిపిస్తుంది. వెనక ముగ్గురు కూర్చున్నాక నాలుగో మనిషి వస్తే "అక్కా, జర లోపటికి జరుగుండ్రి" అని డ్రైవరు సర్దుతాడు. అతని పక్కన సగం సీటు మీద ఒకాయన ఒక కాలు లోపల, ఒక కాలు అంచున పెట్టుకుని, బ్యాగును ఒళ్లో పట్టుకుని కూర్చుంటాడు. హ్యాండిల్ పక్కన క్యూఆర్ స్కానర్ అట్ట వేలాడుతుంది. దిగేవాడు చెల్లించగానే చిన్న పెట్టె డబ్బు ముట్టిందని తెలుగులో చెబుతుంది, చిల్లర గొడవ లేదు. బండి నిండిన మరుక్షణం కదులుతుంది. ఎక్కిన దగ్గర నుంచి దిగిన దాకా ఎవరూ ఎవరితోనూ బేరమాడరు.

ప్రయాణికులు షేర్ ఆటోను మెచ్చుకునేది ఈ మూడింటికే: చార్జీ ముందే తెలుసు, ఎక్కువసేపు ఆగనక్కర్లేదు, చెయ్యెత్తిన చోట ఆగుతుంది. భయపడేదీ ఆ పక్కనే ఉంది. పరిమితికి మించి ఎక్కించిన బండి మలుపులో ఒరిగితే అంచున కూర్చున్నవారికి పట్టుకోవడానికి ఏమీ ఉండదు. ప్రమాదం జరిగితే పర్మిట్ ఉల్లంఘన కారణంగా బీమా సొమ్ము చిక్కుల్లో పడవచ్చునన్న సంగతి చాలామందికి తెలియదు. షేర్ ఆటోలను తరిమివెయ్యమని నేను అడగను. గుర్తించిన మార్గాలు, నిర్ణీత చార్జీ, ముగ్గురే ప్రయాణికులన్న నిబంధనతో వాటికి తగిన పర్మిట్ ఇవ్వాలని అడుగుతాను.

ఉచిత బస్సు ప్రయాణం వచ్చాక మహిళా ప్రయాణికుల దృష్టి ఎలా మారింది?

తెలంగాణలో మహాలక్ష్మి పథకం 2023 డిసెంబరు 9న మొదలైంది. నగరంలో ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ అనే రకాల ఆర్టీసీ బస్సుల్లో గుర్తింపు కార్డు చూపించి జీరో టికెట్ తీసుకుంటే మహిళలు, బాలికలు, ట్రాన్స్‌జెండర్ వ్యక్తులు చార్జీ లేకుండా ప్రయాణించవచ్చు. ఆంధ్రప్రదేశ్‌లో స్త్రీశక్తి పేరుతో ఇటువంటి పథకమే 2025 ఆగస్టు 15న ప్రారంభమైంది.

ఇళ్లలో పనిచేసే స్త్రీలకు, దుకాణాల్లో, ఆసుపత్రుల్లో చిన్న జీతాలకు పనిచేసే స్త్రీలకు షేర్ ఆటోకిచ్చే ఇరవై రూపాయల విలువ ఆ రోజుతో మారిపోయింది. అంతకుముందు బస్సుకు పదిహేను, ఆటోకు ఇరవై అయితే ఐదు రూపాయల తేడాకు సమయం కలిసొచ్చేది. ఇప్పుడు బస్సు సున్నా, ఆటో ఇరవై. రానూపోనూ నలభై అంటే ఇంట్లో పాల ప్యాకెట్. అందుకని అరగంట ఆలస్యమైనా బస్సు కోసమే నిలబడేవారు పెరిగారు. మరోవైపు బస్సుల్లో రద్దీ పెరిగి, నెలల పిల్లను ఎత్తుకున్న తల్లి, మోకాళ్ల నొప్పులున్న పెద్దావిడ ఫుట్‌బోర్డు దగ్గరి తోపులాట చూసి వెనక్కి తగ్గి మళ్లీ ఆటో వైపే నడవడం కూడా చూస్తున్నాం. వారికి ఉచితం చేతికి అందలేదు. బస్సుల సంఖ్య రద్దీకి తగ్గట్టు పెరగనంతకాలం ఈ రెండు దృశ్యాలూ ఒకే స్టాపులో కనిపిస్తూనే ఉంటాయి.

ఆటో డ్రైవర్ల వైపు కూడా చూడాలి. పథకం మొదలైన వారాల్లోనే గిరాకీ పడిపోయిందంటూ వారు రాష్ట్రమంతటా ఆందోళనలు చేశారు. ఈ విషయంలో నేను మాట్లాడిన మహిళా ప్రయాణికుల్లో ఎక్కువమంది పథకాన్ని వదులుకోవడానికి సిద్ధంగా లేరు, కాని తమ వీధి ఆటో అతని కష్టాన్ని తేలిగ్గా కొట్టిపారెయ్యనూ లేదు. రాత్రి తొమ్మిది దాటాక బస్సు లేనప్పుడు తమను ఇల్లు చేర్చేది అతనేనని వారికి తెలుసు.

నెలవారీ బస్ పాస్ ఉన్నవారు ఈ సేవలను వాడుకుంటారా?

తక్కువగా వాడతారు. పాస్ కొన్నవారికి ప్రతి అదనపు రూపాయి రెండోసారి కట్టిన చార్జీలా అనిపిస్తుంది. పరీక్ష రోజున విద్యార్థులు, హాజరు వేసే సమయం దగ్గరపడినప్పుడు ఉద్యోగులు మాత్రం పాస్ జేబులో ఉండగానే ఆటో ఎక్కుతారు. అలా ఎక్కిన ప్రతిసారీ వారి కోపం ఆటో మీద కాదు, రాని బస్సు మీద ఉంటుంది.

రద్దీ వేళ యాప్‌లు చార్జీ ఎంతవరకు పెంచవచ్చు?

కేంద్ర ప్రభుత్వం 2020 నవంబరులో విడుదల చేసిన మోటారు వాహనాల అగ్రిగేటర్ (యాప్ ద్వారా ప్రయాణికుణ్ణీ డ్రైవరునూ కలిపే కంపెనీ) మార్గదర్శకాల్లో రద్దీ వేళ చార్జీ మూల చార్జీకి ఒకటిన్నర రెట్లు మించరాదని ఉంది. 2025 జులైలో వచ్చిన కొత్త మార్గదర్శకాలు ఆ పరిమితిని రెండు రెట్లకు పెంచాయి. రద్దీ లేని వేళ మూల చార్జీలో సగం కంటే తక్కువకు తగ్గించకూడదని కూడా చెప్పాయి. మూల చార్జీని నిర్ణయించాల్సింది రాష్ట్ర ప్రభుత్వం. కాబట్టి రాష్ట్రం ఆ నిర్ణయం తీసుకుని అమలు చేసినప్పుడే ఈ పరిమితికి అర్థం ఉంటుంది.

బస్సు ప్రయాణికుడికి మారే చార్జీ ఒక పట్టాన మింగుడుపడదు. కండక్టరు దగ్గర వానకొక రేటు, ఎండకొక రేటు ఉండదు. సాయంత్రం ఆరున్నరకు అమీర్‌పేటలో వాన పట్టుకున్నప్పుడు ఫోన్ తెరపై అంకె నిమిషం నిమిషానికి పెరుగుతుంటే, పక్కనే కిక్కిరిసిన 218 బస్సు మాత్రం నిన్నటి చార్జీకే జనాన్ని ఎక్కించుకుని వెళ్తుంది. ప్రజా రవాణా మీద మనుషులకున్న గౌరవం అటువంటి సాయంత్రాల్లో పెరుగుతుందని నేను నమ్ముతాను.

రైడ్ ఒప్పుకున్న డ్రైవరు ఫోన్ చేసి "ఎక్కడికి, ఎంత చూపిస్తోంది?" అని ఎందుకు అడుగుతాడు? ఆ తర్వాత రద్దు ఎందుకు చేస్తాడు?

ప్రయాణికుల ఫిర్యాదుల్లో మొదటిది ఇదే. గత వానాకాలంలో ఒక రాత్రి పదిన్నరకు నేను నాగోల్ స్టేషన్‌లో దిగి ఇంటికి ఒక యాప్‌లో ఆటో పిలిచాను. ముగ్గురు డ్రైవర్లు ఒకరి తర్వాత ఒకరు ఫోన్ చేసి చోటు పేరు వినగానే పెట్టేశారు. నాలుగో అతను వచ్చి, తెరపై కనిపిస్తున్నదాని మీద యాభై రూపాయలు ఎక్కువిస్తేనే బండి కదులుతుందన్నాడు. ఇరవై ఐదు నిమిషాలు మెట్ల కింద నిలబడ్డాను. మెట్రోలో మిగుల్చుకున్న సమయమంతా అక్కడే కరిగిపోయింది.

అయితే ఆ నాలుగో అతను దారిలో చెప్పిన మాట కూడా ఇక్కడ రాయాలి. మా కాలనీ నుంచి ఆ వేళ తిరుగు గిరాకీ దొరకదు, ఖాళీ బండితో మళ్లీ స్టేషన్ దాకా రావాలి, యాప్ చూపించే చార్జీలో ఆ ఖాళీ దూరానికి లెక్క లేదు. ఇదీ అతని బాధ. దీనికితోడు యాప్ ద్వారా ఎక్కే ఆటో ప్రయాణం మీద 2022 జనవరి 1 నుంచి 5 శాతం జీఎస్టీ పడింది. ఆ తర్వాత కొన్ని కంపెనీలు ప్రతి రైడ్ మీద కమీషన్ తీసుకునే పద్ధతి మాని, డ్రైవరు దగ్గర రోజువారీ రుసుము తీసుకునే పద్ధతికి మారాయి. ఆ పద్ధతిలో చార్జీ నేరుగా డ్రైవరుకే అందుతుంది గనుక తెరపై కనిపించే అంకె బేరానికి ప్రారంభ స్థానంగా మారిపోయింది.

2025 మార్గదర్శకాల ప్రకారం ఒప్పుకున్న రైడ్‌ను సరైన కారణం లేకుండా రద్దు చేస్తే, డ్రైవరైనా ప్రయాణికుడైనా, చార్జీలో 10 శాతం, గరిష్ఠంగా 100 రూపాయలు చెల్లించాలి. రద్దు చెయ్యకుండా, కదలకుండా కూర్చుని ప్రయాణికుడి చేతే రద్దు చేయించే పద్ధతిని ఈ నిబంధన ఎలా పట్టుకుంటుందో చూడాలి.

మెట్రో ప్రయాణికుల్లో బైక్ ట్యాక్సీకి అంత ఆదరణ ఎందుకు?

ఒంటరి ప్రయాణికుడికి ఆటో కంటే చవక, ట్రాఫిక్‌లో సందు చూసుకుని వెళ్తుంది, సందులో ఉన్న ఇంటి గేటు దాకా వస్తుంది. స్టేషన్‌కూ ఇంటికీ మధ్య ఉన్న రెండు మూడు కిలోమీటర్లకు సరిగ్గా అతికినట్టు ఉంటుంది. చేతిలో సామానుంటే, వాన పడితే, పక్కన ఇంకో మనిషి ఉంటే పనికిరాదు. మహిళల్లో అభిప్రాయాలు వేర్వేరుగా ఉన్నాయి. తెలియని మనిషి వెనక కూర్చోవడం ఇష్టం లేక అసలు ఎక్కనివారున్నారు. పగటిపూట మాత్రమే ఎక్కి, బ్యాగును మధ్యలో పెట్టుకుని కూర్చునేవారూ ఉన్నారు. ఎక్కువమంది చెప్పే ఫిర్యాదు హెల్మెట్ గురించి: వెనక కూర్చునేవారికిచ్చే హెల్మెట్ చెమట వాసన వస్తుంది, లేదా పట్టీ ఊడిపోయి ఉంటుంది, లేదా అసలు ఉండదు.

చట్టం సంగతి ఇంకా తేలలేదు. సొంత అవసరానికి రిజిస్టర్ చేసిన తెల్ల నంబరు ప్లేటు బండి మీద అద్దె ప్రయాణికుణ్ణి ఎక్కించుకోవడం చాలాకాలంగా వివాదంలో ఉంది. కర్ణాటకలో హైకోర్టు తీర్పు కారణంగా 2025 జూన్ 16 నుంచి బైక్ ట్యాక్సీలు ఆగిపోయినప్పుడు బెంగళూరులోని తెలుగు ఉద్యోగులు కూడా ఆ ఇబ్బంది పడ్డారు. 2025 కేంద్ర మార్గదర్శకాలు రాష్ట్రాల అనుమతితో ఇటువంటి బండ్లను నడపవచ్చునని చెప్పాయి. ఎక్కేముందు బీమా గురించి అడిగే ప్రయాణికుడు నాకు ఇంతవరకు కనిపించలేదు. అడగాలి.

రాత్రివేళ మహిళలు దేనిని ఎక్కువ భద్రమైనదిగా భావిస్తారు?

బయటివారు యాప్ క్యాబ్ అనే జవాబు ఊహిస్తారు. ప్రయాణికురాళ్లు చాలాసార్లు నిండుగా ఉన్న బస్సు అంటారు, లేదా ఇద్దరు ముగ్గురు ఆడవాళ్లు ముందే కూర్చుని ఉన్న షేర్ ఆటో అంటారు. పదిమంది కళ్లు ఉన్నచోట ధైర్యం ఉంటుందన్నది వారి అనుభవం. క్యాబ్‌లో బండి నంబరు, డ్రైవరు పేరు, వెళ్లే దారి నమోదవుతాయి, ఇంట్లోవారికి పంపవచ్చు. కాని తలుపులు మూసిన బండిలో ఒంటరిగా కూర్చునే పరిస్థితి అలాగే ఉంటుంది. ఖాళీగా ఉన్న షేర్ ఆటోను మాత్రం ఎవరూ ఎక్కమనరు. లోపల మరో స్త్రీ ఉందో లేదో చూసి, లేకపోతే "మీరు పోండి" అని తర్వాతి బండికి ఆగడం రోజూ కనిపించేదే.

తెలంగాణ పోలీసులు 2024 మార్చిలో టీ-సేఫ్ అనే ప్రయాణ పర్యవేక్షణ సేవను ప్రారంభించారు. ఏ బండిలో వెళ్తున్నా ఆ ప్రయాణాన్ని గమనించమని పోలీసులను కోరవచ్చు, స్మార్ట్‌ఫోన్ లేనివారు మామూలు ఫోన్ నుంచి కూడా కోరవచ్చు. ఇటువంటి సేవ ఉందని స్టేషన్ మెట్ల దగ్గర, షేర్ ఆటో అడ్డాల దగ్గర పెద్ద అక్షరాలతో రాసి పెట్టడం అవసరం.

పూలింగ్ క్యాబ్‌లు ఏమయ్యాయి?

2015, 2016 ప్రాంతంలో దేశంలోని పెద్ద నగరాల్లో యాప్ కంపెనీలు ఒకే దారిలో వెళ్లే అపరిచితులను ఒకే క్యాబ్‌లో ఎక్కించే సేవను మొదలుపెట్టాయి. బస్సుకూ క్యాబ్‌కూ మధ్య రేటు కావడంతో ఐటీ ఉద్యోగులు బాగా వాడారు. 2020 మార్చిలో కోవిడ్ కారణంగా ఆగిపోయింది. దాని గురించి ఇప్పటికీ మంచిగా మాట్లాడేవారున్నారు, ఇతరులను ఎక్కించుకోవడానికి చుట్టూ తిప్పి గంట ఆలస్యం చేసిన సంగతి గుర్తుచేసేవారూ ఉన్నారు. పూలింగ్‌లో మహిళలు కోరుకుంటే మహిళలతోనే ప్రయాణించే ఏర్పాటు ఉండాలని 2020 మార్గదర్శకాలు చెప్పాయి. మంచి నిబంధన అది, వాడుకునే అవకాశమే లేకపోయింది.

స్టేషన్ల దగ్గర అద్దె సైకిళ్లు, స్కూటర్లు ఎందుకు నిలదొక్కుకోలేదు?

మెట్రో కొత్తలో మియాపూర్ వంటి చోట్ల సైకిళ్లు, కొన్ని స్టేషన్ల కింద అద్దె స్కూటర్లు కనిపించేవి. ప్రయాణికులు వాటిని కాదనలేదు, ఎక్కువకాలం వాడనూ లేదు. ఎండ, ఎత్తుపల్లాలు, సైకిల్‌కు చోటు లేని రోడ్లు ఒక కారణం. స్టేషన్‌లో తీసుకున్న బండిని కాలనీలో ఎక్కడ అప్పగించాలన్నది అంతకంటే పెద్ద చిక్కు. ఇంటి దగ్గర అప్పగించే చోటు లేకపోతే రాత్రంతా అద్దె పడుతుంది.

స్మార్ట్‌ఫోన్ లేనివారి సంగతి ఏమిటి?

షేర్డ్ సేవల గురించి జరిగే చర్చల్లో ఈ ప్రశ్న ఆఖరున కూడా రాదు, అందుకే ఇక్కడ చేర్చాను. కూరగాయల గంపతో ఎర్రగడ్డ రైతు బజారుకు వెళ్లే మనిషికి, చూపు తగ్గిన పెద్దాయనకు, తెలుగు తప్ప మరో అక్షరం రాని తల్లికి యాప్ ఒక మూసిన తలుపు. వారికి మిగిలినవి బస్సు, షేర్ ఆటో రెండే. షేర్ ఆటోలో ఓటీపీ అడగరు, లొకేషన్ పంపమనరు, "పెద్దమ్మా, ఎక్కడ దిగుతవ్?" అని మాత్రం అడుగుతారు. చక్రాల కుర్చీ వాడేవారికి మాత్రం ఆ ఆటో కూడా అందదు. మెట్రో స్టేషన్లలో లిఫ్టులున్నాయి, కాని స్టేషన్ బయట వారిని కుర్చీతో సహా ఎక్కించుకునే బండి దొరకడం చాలా కష్టం.

ఒకే కార్డుతో బస్సు, మెట్రో, ఆటో చార్జీలు చెల్లించే ఏర్పాటు వస్తే సమస్య తీరుతుందా?

కొంత తీరుతుంది. జాతీయ ఉమ్మడి మొబిలిటీ కార్డును 2019 మార్చిలో ప్రారంభించారు. హైదరాబాద్ మెట్రో 2022 అక్టోబరులో వాట్సాప్ ద్వారా టికెట్ ఇవ్వడం మొదలుపెట్టింది. చెల్లింపు సులభమైతే ఎవరికైనా మంచిదే. కాని యూపీఐ వచ్చాక చెల్లింపు ప్రయాణికుల పెద్ద బాధ కాదు. చోటూ వేళా కలవకపోవడమే బాధ.

హైటెక్ సిటీ పేరుతో ఒక ఎంఎంటీఎస్ స్టేషన్ ఉంది, ఒక మెట్రో స్టేషన్ ఉంది. పేరు ఒకటే అయినా చోటు వేరు, సామానుతో నడిచే దూరం కాదు. కొత్తవారు ఒకటి దిగి రెండోది ఎక్కడని అడుగుతుంటారు. ఆ రెంటినీ కలుపుతున్నది ఏ ప్రణాళికా కాదు, ఆటోలు. అలాగే చాలా మెట్రో స్టేషన్ల కింద ఆటోలు ఆగడానికి గుర్తించిన చోటు లేక, అవి బస్టాపు ముందే నిలుస్తాయి. దాంతో బస్సు రోడ్డు మధ్యలో ఆగుతుంది, ప్రయాణికులు బండ్ల మధ్య నుంచి పరుగెత్తి ఎక్కుతారు. బస్సు ఎక్కేవారిలో షేర్ ఆటో మీద నిజమైన కోపం కనిపించేది ఇక్కడే. వంద అడుగుల దూరంలో ఆటోలకు ఒక వరుస గీసి ఇస్తే ఆ కోపంలో సగం పోతుంది.

విశాఖపట్నం, విజయవాడలో కూడా ప్రయాణికుల అభిప్రాయం ఇలాగే ఉంటుందా?

ఒక ముఖ్యమైన తేడా ఉంది. ఆ నగరాల్లో మెట్రో లేదు. హైదరాబాదులో షేర్ ఆటో ప్రధానంగా ఇంటి నుంచి స్టేషన్‌కు, స్టేషన్ నుంచి పనిచోటుకు ఉండే మొదటి, చివరి మైళ్లకు పనికొస్తే, గాజువాక నుంచి ఎన్ఏడీ కూడలి మీదుగా విశాఖ నగరంలోకి వచ్చే దారిలోను, విజయవాడ బస్టాండ్, బెంజ్ సర్కిల్ వంటి చోట్లను కలిపే దారుల్లోను ఆటో బస్సుతో సమానంగా అదే ప్రధాన మార్గంలో నడుస్తుంది. అక్కడి ప్రయాణికుడు "బస్సుకు చేరడానికి ఆటో" అనుకోడు. "ముందు ఏది వస్తే అది" అనుకుంటాడు. కాబట్టి అక్కడ పోటీ అన్న మాటకు ఎక్కువ అర్థం ఉంది. స్త్రీశక్తి పథకం తర్వాత ఆ పోటీలో మహిళలు బస్సు వైపు మొగ్గడం ఆటో డ్రైవర్లను అంతే తీవ్రంగా తాకింది.

ప్రయాణికుల అభిప్రాయం సేకరించాలనుకునేవారు ఏమి అడగాలి?

బస్టాపులోను, స్టేషన్‌లోను కాగితం పట్టుకుని అడిగితే అక్కడికి రాగలిగినవారి అభిప్రాయమే దొరుకుతుంది. రాలేక ఆగిపోయినవారు, విసిగి బండి కొన్నవారు ఆ లెక్కలో ఉండరు. కాబట్టి కాలనీల్లో, బస్తీల్లో ఇళ్లకు వెళ్లి అడగాలి. "ఈ సేవ మీకు నచ్చిందా?" అని అడిగితే అవుననో కాదనో చెప్పి ఊరుకుంటారు. నిన్న ఇంట్లోంచి ఎన్నింటికి బయలుదేరారు, ఎంతసేపు నడిచారు, ఎక్కడెక్కడ ఎంతసేపు ఆగారు, ఏ ముక్కకు ఎంత ఇచ్చారు, ఎన్నింటికి చేరారు అని వరుసగా అడగాలి. వెళ్లాలనుకుని మానుకున్న ప్రయాణం ఏదైనా ఉందా అని తప్పక అడగాలి. ఆ ప్రశ్న నేను మా పక్కింటి పెద్దావిడను అడిగాను. ప్రతి శుక్రవారం గుడికి వెళ్లేదాన్నని, మెయిన్ రోడ్డు దాకా నడవలేక, ఆ కొంచెం దూరానికి ఆటో అతను అరవై అడుగుతున్నాడని మూడు నెలల నుంచి మానేశానని చెప్పింది. మెయిన్ రోడ్డు మీద ఆమెకు బస్సు ఉచితమే.